మూడో గేటు

పోయినవారం గుండీలమ్మను మనం గడ్డం మేస్త్రి వ్యానులో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండగా వదిలేశాం. ఇప్పుడూ అలాగే కూర్చుని ఉంది. వ్యాను మాత్రం ఊరు సగం దాటింది.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. బజార్లో గుండీలు, దారాలు, జిప్పులు అమ్మే చిన్న కొట్టు ఆవిడది. అందుకే ఆ పేరు. నీళ్ల డిపార్టుమెంటులో లైను ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ భర్త. ఏడు నెలల కిందట స్నానాలగదిలో పడిపోయాడు. కుడివైపు పనిచేయదు, మాట లేదు. రోజూ కాసేపు ఎండలో కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. ఎండేమో పెరట్లో ఉంది. పెరడు నాలుగు మెట్ల కింద, ఎగుడుదిగుడు రాళ్లతో, మోకాలెత్తు పిచ్చిమొక్కలతో ఉంది. చక్రాల కుర్చీ దిగే దారి లేదు.

బాగుచేసేవాళ్ల కోసం వెతికింది. మొదటివాడు వచ్చి, ఉన్నదంతా తవ్విపారేసి ప్లాస్టిక్ గడ్డి పరుస్తానన్నాడు. రెండోవాడు మూడుసార్లు వస్తానని చెప్పి మూడుసార్లూ రాలేదు. గడ్డం మేస్త్రి నంబరు భర్త పాత డైరీలో దొరికింది. ‘తోట పని’ అని రాసి, కింద గీత గీసి ఉంది. ఈయనకు తోటపనివాడితో ఏం అవసరం పడిందా అని ఒక్క నిమిషం అనుకుంది. తర్వాత మందుల వేళయింది, మర్చిపోయింది. మేస్త్రి వచ్చి పెరడు చూసి వెళ్లాడు, ఆయన పడుకున్న గదిలోకి రాలేదు.

ఈ మేస్త్రికి ఒక పద్ధతి ఉంది. ఫొటోలు చూపించడు. పని ఒప్పుకునే ముందు తాను చేసిన మూడు పెరళ్లకు స్వయంగా తీసుకెళ్తాడు. అవి కూడా కనీసం రెండు వానాకాలాలు తడిసినవై ఉండాలి. పని చేయించుకున్న ప్రతివాళ్లూ ఆ తర్వాత వచ్చే ముగ్గురికి గేటు తియ్యాలి. ఆ మాట ముందే తీసుకుంటాడు. గుండీలమ్మ ఇప్పటికి రెండు గేట్లు చూసింది. ఇది మూడోది.

ఇంకొకటి. ఆ ఇంట్లో ఒకప్పుడు మరో మనిషి ఉండేది. భర్త మొదటి భార్య కూతురు. ఎనిమిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఒక్క సంచీతో వెళ్లిపోయింది. తండ్రి డ్యూటీ నుంచి వచ్చి అడిగితే, “నాకేం చెప్పలేదండీ, వెళ్లిపోయింది” అంది గుండీలమ్మ. అది అబద్ధమని తనకు తప్ప ఎవరికీ తెలియదని ఆవిడ ఎనిమిదేళ్లుగా అనుకుంటోంది.

* * *

“సారును చూడ్డానికి ఎవరైనా వస్తూ పోతూ ఉంటారామ్మా?” అన్నాడు మేస్త్రి, గేరు మారుస్తూ.

“ఎవరొస్తారు బాబూ. అయిదేళ్లపాటు ప్రతినెలా మొదటి శనివారం పింఛనుదారుల సంఘం మీటింగని పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవారు. చీకటిపడితే గానీ వచ్చేవారు కాదు. మనిషి మంచాన పడ్డాడు. ఆ సంఘంలోంచి ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తొంగిచూడలేదు.”

“మనుషులంతేనమ్మా. రాళ్లు నయం. పెట్టినచోట ఉంటాయి.”

“నీ రాళ్లూ కదుల్తాయన్నావుగా, ఇసక కొట్టుకుపోతే.”

“నేను పెట్టినవి కదలవు. పక్కవాళ్లు పెట్టినవాటి గురించి అన్నాను” అని గడ్డంలో నవ్వుకున్నాడు.

ఆవిడ నవ్వలేదు. ఆయాకు ఒంటిగంట దాకానే చెప్పింది. పదకొండు కావస్తోంది. ఆయనను పక్కకు తిప్పి పడుకోబెట్టిందో లేదో. దిండు జారితే మెడ వాలిపోతుంది, పిలవడానికి నోరు లేదు. ఇల్లు వదిలి గుమ్మం దాటిన ప్రతిసారీ, తిరిగొచ్చేసరికి మంచం మీద ఏం చూడాల్సి వస్తుందోనన్న ఆలోచనే ఆవిడకు.

ఊరి చివర, ఒకేలా కట్టిన వరస ఇళ్లలో ఆఖరిదాని ముందు వ్యాను ఆగింది. ఆకుపచ్చ గేటు. మేస్త్రి బెల్లు నొక్కి, బెత్తం చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. రాళ్లను దానితో కొట్టి చూపించడం అతని అలవాటు. కింద ఇసక గట్టిగా ఉంటే ఒకలా మోగుతుందట, గుల్లయితే ఇంకోలా మోగుతుందట.

“వస్తున్నా” అని లోపల్నుంచి వినబడింది.

ఆ ఒక్క మాటకే గుండీలమ్మ చెయ్యి సంచీ పిడిని పట్టుకుంది. గొంతు గుర్తుపట్టి కాదు. గొంతు గుర్తుపట్టేలోపే చెయ్యి పట్టుకుంది.

గేటు తెరుచుకుంది. ముప్పై రెండు ముప్పై మూడేళ్ల మనిషి. మోచేతుల దాకా తెల్లటి పొడి. జుట్టు కూడా అక్కడక్కడా తెల్లబడినట్టుంది, పొడో మరి వయసో. మేస్త్రిని చూసి నవ్వింది. ఆ చూపు పక్కకు జరిగి గుండీలమ్మ దగ్గర ఆగిపోయింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

“ఏమ్మా, మూడో ఆవిణ్ణి తెచ్చాను. ఈవిడకు చూపించేస్తే నీ మాట నువ్వు నిలబెట్టుకున్నట్టే. ఇంకెవరినీ తీసుకురాను” అన్నాడు మేస్త్రి.

అమ్మాయి గేటు మీద చెయ్యి తియ్యలేదు. ఇప్పుడు మూసేస్తుంది అనుకుంది గుండీలమ్మ. మూసేస్తే బాగుండు అని కూడా అనుకుంది.

“మాటిచ్చాను కదా మేస్త్రిగారూ” అంది అమ్మాయి చివరికి. తర్వాత ఆవిడ వైపు చూడకుండా, “రండి” అంది.

ఒకే కంచంలో తిన్న రోజుల్లో, జడ వేయించుకుంటూ ‘పిన్నీ, లాగకే’ అని అరిచిన పిల్ల. రండి అంది.

* * *

పెరట్లో బల్ల మీద వరసగా పళ్లు. దవడతో సహా తెల్లటి సుద్ద పళ్లు, పైవరసలు, కిందివరసలు, యాభై దాకా ఎండలో ఆరుతున్నాయి. అమ్మాయి పళ్ల డాక్టర్లకు అచ్చులు పోసి ఇస్తుంది.

“ఈ ఇంట్లో నవ్వులకు కొదవ లేదమ్మా” అన్నాడు మేస్త్రి. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సర్దుకుని పనిలో పడ్డాడు.

అతను బెత్తంతో ఒక్కో రాయినీ కొట్టుకుంటూ నడిచాడు. టక్, టక్, టక్. ఒకేలా మోగాయి. సందుల్లో పిచ్చిమొక్క లేదు. గుమ్మంలోంచి మొదలై గోడవార చుట్టుకుని చెట్టునీడ దాకా వెళ్లే బాట. ఎక్కడా మెట్టు లేదు. అతను కుళాయి కింద బకెట్టు నింపుకొచ్చి బాట మీద ఒలకబోశాడు. నీళ్లు ఒక్కచోట ఆగకుండా, ఎవరో చెయ్యిపట్టి నడిపిస్తున్నట్టు పక్క కాలువలోకి వెళ్లిపోయాయి.

“చూశారా? రెండు వానాకాలాలు కాదు, మూడయ్యాయి. ఇది నా గొప్ప కాదమ్మా. ఉన్నమాట చెప్పాలి. ఈ పని దగ్గరుండి చేయించిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఈ అమ్మాయి నాన్నగారు. నా జన్మలో అట్లాంటి మనిషిని చూళ్లేదు. వాలు సరిపోయిందా లేదా అని జేబులోంచి గాజుగోళీ తీసేవాడు. రాయి పెట్టగానే గోళీ వదలడం. అది ఆయన అనుకున్నవైపు దొర్లితే సరే. లేకపోతే, లేపు రాయి! ఒక్క బాటకు పదహారు రోజులు పట్టింది. మా పనివాళ్లు ఆయనకు గోళీ తాతయ్యని పేరు పెట్టారు.”

గుండీలమ్మ దగ్గరున్న కుర్చీ అంచు పట్టుకుంది.

ఆ గోళీ ఇంట్లో బీరువా సొరుగులో ఉంది. నీలం చార గోళీ. ఆసుపత్రిలో బట్టలు విప్పినప్పుడు ఆయన జేబులోంచి తీసి నర్సు ఆవిడ చేతిలో పెట్టింది. పెళ్లయిన కొత్తలో వంటగది గచ్చు మీద దాన్ని వదిలి, “చూడు, నీళ్లు ఎటు పోతాయో నీళ్లకంటే ముందు ఇది చెప్తుంది” అని మురిసిపోయిన మనిషి. మొదటి శనివారాలు. ఇస్త్రీ చొక్కా. సంఘం మీటింగు.

అమ్మాయి ఆవిడనే చూస్తోంది. మేస్త్రి ఆ చివర కాలువ మీది మూత తీయడానికి వంగినప్పుడు, పెదవులు కదపకుండా అంది:

“ఎందుకొచ్చారు? నాన్న ఎక్కడికొచ్చేవాడో చూసిపోదామనా?”

“నాకు తెలీదమ్మా. ఒట్టు. నువ్విక్కడ ఉన్నావనే నాకు...”

“తెలీకుండానే ఆపేశారా? ఏడు నెలలు. ఫోను చేస్తే స్విచ్ఛాఫ్. మీకు తెలిసిపోయింది, నాన్న చేత ఒట్టేయించుకున్నారు, అంతే కదా. ఒకరోజు మీ బజారుకొచ్చాను. కొట్టు తీసి ఉంది. మీరు ఎవరికో జిప్పులు చూపిస్తున్నారు, నవ్వుతూ. ఇంట్లో అంతా బాగుంటేనే కదా కొట్టు తీస్తారు అనుకుని తిరిగొచ్చేశాను.”

గుండీలమ్మ నోరు తెరిచింది. కొట్టు తియ్యకపోతే ఆయాను ఎలా పెట్టుకోవాలి అని చెప్పాలి. ఆయన ఫోను ఇక ఎవరు మాట్లాడతారని తానే ఆపి బీరువాలో పెట్టానని చెప్పాలి. దేనితో మొదలుపెట్టాలి?

ఆ పని ఆవిడకు మిగల్లేదు.

“అమ్మగారూ, ఇటు రండి, మీకు అసలు కావాల్సింది ఇదీ” అని మేస్త్రి ఆ మలుపు దగ్గర నుంచి కేకేశాడు. అక్కడ బాట గుండ్రంగా వెడల్పయింది. “అయిదడుగుల గుండ్రం. ఇక్కడ మీ సారు కుర్చీ చుట్టూ తిరుగుతుంది, ఎక్కడా తగలదు. మీ పెరట్లో నాలుగు మెట్ల ఎత్తు దించాలి కాబట్టి మధ్యలో ఒక మలుపు తప్పదు. ఆ మలుపు దగ్గర సరిగ్గా ఇట్లాంటిదే పెడదాం.”

“ఎవరి కుర్చీ?” అంది అమ్మాయి.

“చక్రాల కుర్చీ అమ్మా. ఈవిడ భర్తకు పాపం పక్షవాతం వచ్చి ఏడు నెలలైందిట. మాట కూడా...”

ఆగిపోయాడు. అతను తెలివితక్కువవాడు కాదు. రాయి కింద గుల్లగా ఉంటే చప్పుడు బట్టి పోల్చుకునే మనిషి. అమ్మాయి మొహం చూశాడు, గుండీలమ్మ మొహం చూశాడు. చేతిలో బకెట్టు మెల్లగా కింద పెట్టాడు.

“వ్యానులో టేపు మర్చిపోయాను” అని, నడుముకు వేలాడుతున్న టేపుతోనే గేటు దాటి వెళ్లిపోయాడు.

* * *

అమ్మాయి బాట మీదే కూలబడింది. తెల్లటి చేతులు ఒళ్లో పెట్టుకుని వాటిని చూసుకుంటూ కూర్చుంది.

“బతికే ఉన్నాడుగా?”

“ఉన్నారు తల్లీ. ఉన్నారు.”

“నన్ను గుర్తుపడతాడా?”

“మనుషులందర్నీ గుర్తుపడతారు. మాటే లేదు. ఎడమచెయ్యి బాగానే ఉంది.”

“ఏడు నెలలు” అంది అమ్మాయి. “ఏడు మొదటి శనివారాలు గేటు దగ్గర నిలబడి తిట్టుకున్నాను, పిన్నీ. ముసలాయనకు పెళ్లాం అంటే భయం అని తిట్టుకున్నాను. నువ్వు ఎవరిచేతా కబురు పెట్టలేకపోయావా? ఎనిమిదేళ్లలో నేనెక్కడున్నానని ఒక్కసారైనా వెతికావా?”

మీరు పోయి నువ్వు వచ్చింది. గుండీలమ్మకు అది దెబ్బలాగే తగిలింది, అయినా ఇష్టంగా ఉంది.

“వెతకలేదు” అంది.

“ఎందుకు?”

“దొరికితే నువ్వు ఆ మాట ఆయనతో చెప్తావని.”

ఆ మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు. చదివేవాళ్లకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. ఎనిమిదేళ్ల కిందట ఆ మధ్యాహ్నం, చచ్చిపోయిన తల్లి చీరలున్న పెట్టెను అటకమీదికి ఎక్కించే విషయంలో మాటామాటా పెరిగింది. నేలమీద గుండీలు రంగుల వారీగా ఏరుకుంటున్న గుండీలమ్మ తలెత్తకుండానే అంది: “పోయినావిడ పోయింది. నువ్వెప్పుడు పోతావు?” అమ్మాయి గంటలో సంచీ సర్దుకుంది. గడప దాటుతుంటే ఆవిడ పిలవాలనుకుంది. చేతిలో గుండీలు ఉన్నాయి, అవి కలిసిపోతాయని లేవలేదు.

“చెప్పాను” అంది అమ్మాయి.

“ఏమిటీ?”

“నాన్న మొదటిసారి నన్ను వెతుక్కుంటూ వచ్చినరోజే చెప్పాను. అక్షరం పొల్లుపోకుండా.”

ఎండ అలాగే ఉంది. బల్లమీద పళ్లు అలాగే ఆరుతున్నాయి. గుండీలమ్మ మాత్రం కళ్లముందు అయిదేళ్లు వెనక్కి తిప్పుకుంటోంది. అయిదేళ్లు ఒకే గదిలో, ఒకే దీపం కింద అన్నం వడ్డించింది. జ్వరమొస్తే నుదురు పట్టింది. ‘అమ్మాయి అలా చెప్పకుండా పోయిందేమిటో’ అని తాను నిట్టూర్చినప్పుడల్లా ఆయన పేపరు మడత విప్పేవాడు.

“ఆయనేమన్నారు?” అంది.

“జేబులోని గోళీ తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, ‘నాకు తెలిసిందని దానికి తెలియనివ్వకు’ అన్నాడు. ఎందుకు నాన్నా అని అరిచాను. ‘తెలిస్తే అది నా మొహం చూడలేదు, ఇల్లు వదిలి పోతుంది. ఇప్పటికి ఇద్దరు పోయారు’ అన్నాడు.”

గుండీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మాయి లేచి నిలబడింది. ఏడవలేదు. ఏడుపు లేకపోవడమే ఆవిడను భయపెట్టింది.

“రా, ఒకటి చూపిస్తాను. పెరడు చూడ్డానికి వచ్చావుగా. ఇది కూడా పెరట్లో భాగమే.”

బాట మొదలయ్యే గుమ్మానికి ఆనుకుని ఒక గది. గడప లేదు. బాట రాళ్లు, గది గచ్చు ఒకే మట్టంలో ఉన్నాయి. తలుపు మామూలు తలుపుకంటే చెయ్యెడు ఎక్కువ వెడల్పు. లోపల ఎత్తు తక్కువ మంచం, కిటికీ పక్క కుర్చీ, గోడకు పట్టుకోడానికి ఇనపకమ్మీ. మేకుకు ఒక చొక్కా.

బూడిదరంగు గళ్ల చొక్కా. దోబీ పోగొట్టాడని దోబీతో తాను వీధికెక్కి పోట్లాడిన చొక్కా. పైనుంచి నాలుగో గుండీ మిగతావాటికంటే ఒక రవ్వ ముదురు. కొట్టంతా వెతికినా సరిపోయేది దొరక్క, ఎవరు చూస్తారులే అని కుట్టేసింది. తన కుట్టే. దారం చివర రెండు ముళ్లు.

“ఈ గదీ, గుమ్మం, బాటా అన్నీ కలిపి ఒకేసారి చేయించాడు, మూడేళ్ల కిందట” అంది అమ్మాయి. “మెట్టు ఒక్కటి ఉండకూడదన్నాడు. నువ్వు చక్కగా నడుస్తున్నావు కదా నాన్నా, ఇవన్నీ ఎందుకంటే, ‘కాళ్లు ఎల్లకాలం చెప్పినమాట వింటాయా’ అన్నాడు.”

“ఇక్కడికి వచ్చేస్తానన్నారా?”

“అనలేదు. గది కట్టించాడు.”

ఇద్దరూ ఆ చొక్కానే చూస్తున్నారు.

“పిన్నీ, నీ పెరట్లో తవ్వించే పనేం లేదు. మెట్లు పగలగొట్టడం, మట్టి పోయడం, నెల రోజులు ఆ దుమ్ములో ఆయన పడుకోవడం ఎందుకు? ఆయనకు కావాల్సిన పెరడు ఇక్కడుంది. ఆయనే కట్టుకున్నాడు. పంపించు.”

“పంపించనా?” అంది గుండీలమ్మ. “నేనేం చెయ్యాలి మరి?”

“నీకు కొట్టుంది.”

ఆ మాట అనేశాక అమ్మాయి మొహం తిప్పుకుంది. తాను అన్నది తనకే ఎక్కడో విన్నట్టనిపించింది కాబోలు. ఎనిమిదేళ్ల కిందట గడప దగ్గర పడిన దెబ్బ ఇప్పుడు తన చేతిలోంచి వెళ్లింది.

గుండీలమ్మకు కోపం రాలేదు. కోపం వచ్చే హక్కు లేని మనిషికి కోపం ఎలా వస్తుంది? ఏడు నెలలుగా ఆయన దవడ పట్టుకుని చెంచాతో గంజి పోసింది. తువ్వాలు తడిపి వీపు తుడిచింది. పడుకోబోయే ముందు ఆయన ఊపిరి లెక్కపెట్టింది. తప్పు చేసినవాళ్లు చేసే చాకిరీ అది, అందులో ఒక సుఖం కూడా ఉంది. ఇప్పుడు ఆ చాకిరీ కూడా పోతే తన చేతులు ఏం చేస్తాయి?

“నేను చెప్పేది కాదమ్మా” అంది చివరికి. “నువ్వు చెప్పేదీ కాదు. ఆయన్నే అడుగుదాం. ఆయన ఎక్కడంటే అక్కడ.”

“ఎవరు అడుగుతారు? నువ్వా?”

“నేనే అడుగుతాను. నువ్వు గుమ్మం బయట నిలబడి విను. ఒక్కమాట తక్కువ చేసి అడిగితే లోపలికొచ్చి నన్ను అను.”

అమ్మాయి బకెట్టులో మిగిలిన నీళ్లతో చేతులు కడుక్కుంది. పొడి పూర్తిగా పోలేదు. గోళ్ల చుట్టూ తెల్లగా ఉండిపోయింది.

* * *

వ్యాను ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. ఇల్లు దగ్గర పడుతుంటే మేస్త్రి ఉండబట్టలేక అడిగాడు.

“మరి మన పని...”

“తెలీదు బాబూ.”

“పోనీ మీరు మాట్లాడుకునేలోపు నేను గుర్తులు పెడతాను. సున్నం గీతలే కదమ్మా. వద్దనుకుంటే వాన పడితే పోతాయి.”

ఆవిడ వద్దనలేకపోయింది.

అమ్మాయి గడప ముందు ఆగిపోయింది. చెప్పులు విప్పి, మళ్లీ వేసుకుని, మళ్లీ విప్పింది. ఆయా ఎవరీవిడ అన్నట్టు చూసింది. “మా అమ్మాయి” అంది గుండీలమ్మ. చెప్పాక భయపడి వెనక్కి చూసింది. అమ్మాయి ఆ మాటకు అవుననలేదు, కాదనలేదు.

గదిలో ఆయన దిండు జారలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, కిటికీ వైపు. కింద పెరట్లో మేస్త్రి వంగి సున్నంపొడి చల్లుకుంటూ నడుస్తున్నాడు. తెల్లటి గీత ఒకటి మెట్ల దగ్గర మొదలై పిచ్చిమొక్కల్లోంచి వంకరగా పోతోంది. ఆయన కళ్లు ఆ గీతతో పాటు కదులుతున్నాయి.

గుండీలమ్మ మంచం పక్క పీట వేసుకుని ఆయన ఎడమచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వ్యాయామాలు చేయించే అమ్మాయి నేర్పిన పద్ధతి ఒకటుంది. ఒకసారి నొక్కితే అవును. రెండుసార్లు నొక్కితే కాదు. కాకపోతే ఆయనకు మొదటి నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య ఒక్కోసారి చాలాసేపు పడుతుంది. తొందరపడి అవుననుకోవద్దు, పది దాకా లెక్కపెట్టండి అని మరీ మరీ చెప్పింది.

“ఏవండీ” అంది. “నేను ఈవేళ అమ్మాయి ఇంటికి వెళ్లొచ్చాను.”

ఆయన కళ్లు కిటికీ వదిలి ఆవిడ మీదకు వచ్చాయి.

“మేస్త్రి తీసుకెళ్లాడు. మీ డైరీలో ఉన్నతనే. బాట చూశాను, గది చూశాను. చొక్కా చూశాను.” ఆయన చెయ్యి సర్ది పట్టుకుంది. “దాన్ని ఎప్పుడు పోతావని అడిగింది నేనే. మీకు అబద్ధం చెప్పింది నేనే. మీకు తెలుసటగా. అయిదేళ్లూ నా చేతి అన్నం ఎలా తిన్నారండీ?”

ఎడమకంట్లోంచి ఒక చుక్క చెవి వైపు జారింది. ఆవిడ కొంగుతో తుడిచింది. అలవాటుగా, మెడ కిందకు పోకుండా.

“అమ్మాయి వచ్చింది. గుమ్మం బయటే ఉంది. ఇప్పుడు నేనడిగేది అదీ వింటోంది. నా మొహం చూడకండి. నేను గంజి పోశాననీ, వీపు తుడిచాననీ చూడకండి. మీ మనసులో ఉన్నది చెప్పండి.” గుమ్మంలో నీడ కదలకుండా ఉంది. “ఈ ఇల్లు వదిలేసి, అమ్మాయి ఇంటికి, మీరు కట్టించుకున్న గదికి వెళ్లిపోతారా?”

పెరట్లో పొడి చల్లుతున్న చప్పుడు ఆగింది.

ఆయన వేళ్లు ఆవిడ అరచేతిలో బిగుసుకున్నాయి. గట్టిగా. ఏడు నెలల్లో ఎప్పుడూ లేనంత గట్టిగా నొక్కి, వదిలాయి.

ఒకసారి.

గుమ్మం దగ్గర గాజులు గలగలమన్నాయి. గుండీలమ్మ తల తిప్పలేదు. ఒకటి, అని లెక్క మొదలుపెట్టింది. రెండు. మూడు. ఆయన కళ్లలోకి చూడకూడదనుకుని దుప్పటి అంచు చూస్తోంది. నాలుగు. అయిదు. ఇంత నిదానంగా ఆవిడ జన్మలో ఏదీ లెక్కపెట్టలేదు. ఆరు.

ఏడు అనుకునేసరికి ఆయన వేళ్లు మళ్లీ కదిలాయి. నొక్కడానికో, చెయ్యి విడిపించుకోవడానికో.